సంతకం ఒకటే చాలు

1995 మే నెల. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత ఒకరు రక్తస్రావం ఆగడం లేదని ఒక క్లినిక్‌కి వెళ్లారు. లాపరోస్కోపీ చేసి చూద్దామన్నారు డాక్టరు. మర్నాడు ఆమె వెళ్లి, చూపించిన కాగితాల మీద సంతకాలు పెట్టి, మత్తుమందు తీసుకుని బల్ల మీద పడుకున్నారు. ఆమె స్పృహలో లేనప్పుడు డాక్టరు సహాయకురాలు బయటికి వచ్చి, గర్భసంచి తీసేయాలని చెప్పి ఆమె తల్లి చేత సంతకం పెట్టించుకున్నారు. ఆమెకు మెలకువ వచ్చేసరికి గర్భసంచి లేదు, అండాశయాలూ లేవు.

జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆమె ఓడిపోయారు. అయినా వదల్లేదు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరం లేనప్పుడు, వయసు వచ్చి, తెలివిలో ఉండి నిర్ణయం తీసుకోగల మనిషి బదులు ఇంకొకరు అనుమతి ఇవ్వడం కుదరదు, ఆ ఇంకొకరు కన్నతల్లి అయినా సరే అని స్పష్టం చేసింది. పరిహారంగా ఇప్పించింది 25,000 రూపాయలు. ఆమె పోగొట్టుకున్నదానికి ఆ డబ్బు ఏ మూలకూ రాదు. కానీ వైద్యంలో అనుమతి గురించి ఈ దేశంలో ఎక్కడ చర్చ జరిగినా ఇప్పటికీ ఆ తీర్పే ముందుకొస్తుంది.

పెళ్లికాని మనిషి సంతకం పక్కన ఇంకో సంతకం ఉంటేనే చెల్లుతుందన్నట్టు చూసే అలవాటు ఒకటి సమాజంలో పాతుకుపోయింది. ఆస్పత్రిలో, అద్దె ఇంటి దగ్గర, బ్యాంకులో, ఆఫీసులో అదే చూపు. ‘మీ ఇంట్లో పెద్దవాళ్లెవరు?’ అన్న ప్రశ్న ఇరవై ఏళ్ల కుర్రాడికి ఎదురవుతుంది, యాభై ఏళ్ల కాలేజీ లెక్చరర్‌కీ ఎదురవుతుంది. చట్టం మాత్రం చాలాచోట్ల ఆ ఒంటి సంతకాన్ని ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకోనిది కౌంటరు వెనక కూర్చున్న మనిషి. చట్టమే ఒప్పుకోని చోట్లు కూడా కొన్ని మిగిలాయి. మొదటి రకం చోట అడిగి తీసుకోవాలి. రెండో రకం చోట ముందే కాగితాలు రాసి పెట్టుకోవాలి. ఈ తేడా తెలియకే చాలామంది రెండు చోట్లా నష్టపోతున్నారు.

ఇదేదో నలుగురైదుగురి సమస్య కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పెళ్లికాని వారు, భర్త పోయినవారు, విడాకులు తీసుకున్నవారు, విడిగా ఉంటున్నవారు అందరూ కలిపి ఒంటరి మహిళలే 7.14 కోట్లు. పదేళ్ల ముందు ఆ సంఖ్య 5.12 కోట్లు. కేంద్ర గణాంక శాఖ ‘యూత్ ఇన్ ఇండియా 2022’ నివేదిక చూస్తే, 15 నుంచి 29 ఏళ్ల వయసులో పెళ్లి కానివారి వాటా 2011లో 17.2 శాతం, 2019కి 23 శాతం. ఆలస్యంగా పెళ్లి చేసుకునేవారు, అసలే వద్దనుకున్నవారు, కుదరక ఆగిపోయినవారు అందరూ ఇందులో ఉన్నారు. కారణం ఏదైనా హక్కు ఒకటే.

ఇల్లు

హైదరాబాద్‌లో టులెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అన్న మాట చూడని వీధి ఉండదు. ఉద్యోగం కోసం భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలి ఒక్కడే వచ్చినవాడిని కూడా ఓనర్లు బ్యాచిలర్ల లెక్కలోనే వేస్తారు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, కూకట్‌పల్లి, మాదాపూర్ ప్రాంతాల్లో హాస్టళ్లు, పీజీలు అంతగా పుట్టుకురావడానికి ఈ తిరస్కారం కూడా ఒక కారణం. చదువుకునే వయసులో హాస్టలు సరిపోతుంది. నలభై ఏళ్లొచ్చి, నెలకు లక్ష జీతం తెచ్చుకునే మనిషి కూడా ముగ్గురితో గది పంచుకోవాల్సి వస్తే అది ఆ మనిషికి జరుగుతున్న అన్యాయమే.

ఇక్కడ చట్టం బలహీనం. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు ఆధారంగా వివక్ష చూపొద్దంది. పెళ్లి అయిందా లేదా అన్నది ఆ జాబితాలో లేదు. పైగా ఆ నిషేధం ప్రధానంగా ప్రభుత్వం మీదే ఉంటుంది, ఇంటి ఓనరు మీద కాదు. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం కూడా నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని చెప్పింది గానీ, పెళ్లికానివారికి ఇల్లు నిరాకరించకూడదని ఎక్కడా అనలేదు. కాబట్టి బోర్డు పెట్టిన ఓనరు మీద కేసు వేసి ఇల్లు సంపాదించడం ఈరోజుకి జరిగే పని కాదు.

ఇంట్లోకి దిగిన తర్వాత సంగతి వేరు. అప్పుడు కావలసింది రాత. నోటిమాట మీద దిగినవారిని ‘నిన్న మీ ఫ్రెండెవరో వచ్చారట’ అని వారంలో పంపేసిన సందర్భాలు ఎన్నో. అద్దె ఒప్పందంలో అద్దె, అడ్వాన్సు, నోటీసు గడువుతో పాటు బంధుమిత్రులు వచ్చి ఉండొచ్చన్న ఒక్క వాక్యం రాయించుకోవాలి. అతిథులపై ఆంక్ష పెట్టే అసోసియేషన్ వాళ్లను ఆ నిబంధన బైలాస్‌లో ఎక్కడుందో చూపమని మర్యాదగా, రాతపూర్వకంగా అడగాలి. పెళ్లయిన వారి ఇంటికి వచ్చే బంధువులకు లేని నిబంధన పెళ్లికాని వారి ఇంటికే ఎందుకన్న ప్రశ్న మీటింగ్‌లో పెట్టాలి. అద్దె ఎప్పుడూ బ్యాంకు ద్వారానో, యూపీఐ ద్వారానో పంపాలి. ఆ రికార్డే రేపు సాక్ష్యం.

తాళం మార్చేసి, సామాను మెట్ల మీద పడేస్తే? చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించడం ఓనరు హక్కు కాదు. అలా జరిగినవారు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు సివిల్ కోర్టులో దావా వేస్తే స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగొచ్చు. ఆ గడువు దాటితే ఈ దారి మూసుకుపోతుంది.

ఇంకో భయం హోటల్ గదుల గురించి. పెళ్లికాని జంట ఒకే గదిలో ఉండకూడదని చెప్పే చట్టం ఏదీ లేదని 2019 డిసెంబరులో మద్రాస్ హైకోర్టు తేల్చి చెప్పింది. సహజీవనం నేరం కాదని సుప్రీంకోర్టు 2010లో సినీనటి ఖుష్బూ కేసులోనే చెప్పింది. పోలీసులమని బెదిరించి డబ్బు గుంజేవాళ్లు ఈ రెండు తీర్పుల గురించి జనానికి తెలియదన్న ధీమాతోనే బతుకుతున్నారు.

ఆస్పత్రి

మొదట చెప్పుకున్న సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఏళ్లు గడిచినా అడ్మిషన్ కౌంటర్లలో ‘హస్బెండా, ఫాదరా?’ అన్న గడి అలాగే ఉంది. మేజర్ అయిన, స్పృహలో ఉన్న రోగి అనుమతి ఆమెదే, అతనిదే. గర్భస్రావం విషయంలో కూడా అంతే. 1971 చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే కావాలి. భర్తదీ అక్కర్లేదు, తల్లిదండ్రులదీ అక్కర్లేదు. అయితే 20 నుంచి 24 వారాల మధ్య ఎవరికి అవకాశం ఉందో చెప్పే నిబంధనల్లో ఒక వెలితి ఉండేది. గర్భం వచ్చాక భర్త పోయినా, విడాకులైనా ఆ స్త్రీకి వీలుండేది. భాగస్వామి వదిలేసిన అవివాహితకు లేదు. 25 ఏళ్ల యువతి ఒకరు ఢిల్లీ హైకోర్టులో ఊరట దొరకక సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 సెప్టెంబరు 29న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం వివాహితకూ అవివాహితకూ ఇక్కడ తేడా చూపడం రాజ్యాంగం ముందు నిలవదని తీర్పు ఇచ్చింది. అయినా పెళ్లి సర్టిఫికెట్ అడిగే ఆస్పత్రులు ఉన్నాయి. అడిగినప్పుడు తీర్పు తేదీ చెప్పి, కాదన్న మాట రాతలో ఇమ్మని కోరితే చాలామంది వెనక్కి తగ్గుతారు.

అసలు చిక్కు స్పృహ లేనప్పుడు. పెళ్లయిన వారికైతే భార్యో భర్తో మాట్లాడతారని అందరూ ఒప్పుకుంటారు. ఒంటరిగా ఉన్న మనిషికి ఇరవై ఏళ్లుగా తోడున్న స్నేహితురాలిని ఐసీయూ గుమ్మం దాటనివ్వరు. ఎన్నడూ పలకరించని పెదనాన్న కొడుకు వచ్చి సంతకం పెడతాడు.

దీనికి మందు ఉంది, ముందే వాడాలి. సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023 జనవరిలో సులభతరం చేసిన ముందస్తు వైద్య నిర్దేశం అలాంటిదే. కోలుకునే ఆశ లేని దశకు చేరితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. అంతకుముందు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. సంరక్షకులుగా ఒకరికి మించి పేర్లు రాయవచ్చు. మానసిక ఆరోగ్యం విషయంలో 2017 చట్టం ఇంకా ఉదారం. మేజర్ అయిన ఎవరైనా తెల్లకాగితం మీద రాసి తన ప్రతినిధిని నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి చుట్టమే కావాలని లేదు.

మామూలు ఆపరేషన్లకు, ప్రమాదాలకు ఇవి నేరుగా వర్తించవు. అందుకే ఎవరిని పిలవాలో ఒక కాగితం పర్సులో, ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ కాంటాక్టుగా ఒక పేరు, వాడే మందుల చీటీ కాపీ ఆ మనిషి దగ్గర ఉండాలి. తెలిసిన డాక్టరుకు ఆ మనిషిని ఒకసారి పరిచయం చేసి ఉంచడం ఇంకా మేలు.

ఆస్తి

పెళ్లికాని వారు అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యం చేసేది ఇదే. ‘నాకెవరున్నారు, ఎవరో ఒకరు తీసుకుంటారు’ అంటారు. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరో చట్టం ముందే తేల్చిపెట్టింది. అది వాళ్లు మనసులో అనుకున్నవాళ్లు కాకపోవచ్చు.

ఒక ఇంట్లో అక్కా తమ్ముడూ ఇద్దరూ పెళ్లి చేసుకోలేదనుకుందాం. హిందూ కుటుంబం. ఇద్దరూ ఉద్యోగాలు చేసి చెరొక ఫ్లాటు కొనుక్కున్నారు. వీలునామా రాయలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తమ్ముడు పోతే అతని ఫ్లాటు మొత్తం తల్లికి వెళ్తుంది. తండ్రి బతికే ఉన్నా ఆయనకు ఏమీ రాదు. పురుషుడి మొదటి తరగతి వారసుల్లో తల్లి ఉంది, తండ్రి లేడు. అదే అక్క పోతే తల్లీ తండ్రీ ఇద్దరికీ సమానంగా వస్తుంది.

తల్లిదండ్రులు లేరనుకుంటే తేడా ఇంకా లోతుగా ఉంటుంది. వాళ్లకు ఒక అన్న ఉండేవాడు, ఆయన పోయాడు, ఆయన పిల్లల్ని ఈ ఇద్దరే చదివించారు. ఇంకో చెల్లెలు బతికి ఉంది. తమ్ముడు పోతే ఆ ఫ్లాటు బతికున్న అక్కకూ చెల్లెలికీ పోతుంది. చనిపోయిన అన్న పిల్లలకు పైసా రాదు, ఎందుకంటే తోబుట్టువులు ఉండగా వారి తర్వాతి వరుసకు వాటా లేదు. అక్క పోతే మాత్రం ఆమె ఆస్తిని తండ్రి వారసులు పంచుకుంటారు కాబట్టి చనిపోయిన అన్న పిల్లలకు కూడా వాటా ఉంటుంది. ఒకే ఇల్లు, ఒకే పిల్లలు, రెండు రకాల ఫలితం. ఇక పదిహేనేళ్లు పక్కనుండి చూసుకున్న స్నేహితుడికి, పనిమనిషికి, ఇష్టపడి సాయం చేసిన అనాథాశ్రమానికి రెండు సందర్భాల్లోనూ ఏమీ లేదు.

వీలునామా ఒక్కటే దీన్నంతా మారుస్తుంది. తెల్లకాగితం మీద రాయొచ్చు, స్టాంపు పేపరు అక్కర్లేదు. రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, బంధువులు పోటీకి వచ్చే అవకాశం ఉందనుకుంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించడమే మంచిది. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వారిని సాక్షులుగా పెట్టకూడదు. సాక్షులు వయసులో చిన్నవారైతే రేపు కోర్టుకు రాగలుగుతారు. ముస్లింలకు నియమాలు వేరు. వారసుల సమ్మతి లేకుండా సాధారణంగా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

నామినీని పెట్టాం కదా, చాలదా అంటారు కొందరు. చాలదు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, యజమాని వారసుడేనని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. 2015లో బీమా చట్టం మార్చి తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వారి సొంతమేనన్నారు. ఆ జాబితాలో అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు లేరు. పెళ్లికాని వారు ఎక్కువగా రాసేది వాళ్ల పేర్లే. పాలసీలో చెల్లెలి పేరు రాసి ఊరుకుంటే రేపు ఆ డబ్బు కోసం ఆమె మిగతా వారసులతో తగవు పడాల్సి రావచ్చు. నామినేషన్‌లోనూ వీలునామాలోనూ ఒకే పేరు ఉంటే ఆ తగవే ఉండదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాలకు నలుగురి దాకా నామినీలను పెట్టే వీలొచ్చింది కాబట్టి పాత ఖాతాలన్నీ ఒకసారి తిరగేసుకోవాలి.

పీఎఫ్‌లో మెలిక వేరు. దాని నిబంధనల్లో కుటుంబమంటే జీవిత భాగస్వామి, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు వగైరా. అలాంటి కుటుంబం ఉన్నవారు వారినే రాయాలి. లేనివారు ఎవరినైనా రాయొచ్చు, స్నేహితులతో సహా. తర్వాత పెళ్లి చేసుకుంటే పాత నామినేషన్ చెల్లదు, మళ్లీ వేయాలి. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి పోయినవారి తల్లిదండ్రులు ఆఫీసుల చుట్టూ తిరగడం ఎంతోమంది చూసే ఉంటారు.

పెళ్లిని కొలబద్దగా పెట్టుకుంటే అన్యాయం ఒక్క వైపే జరగదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవమే చెబుతుంది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశానికే దారి చూపిన చట్టం అది. కానీ అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో పెళ్లయిన అక్కకు లేని హక్కు పెళ్లికాని చెల్లెలికి వచ్చింది. 2005 కేంద్ర సవరణ వచ్చేదాకా ఆ గీత చెరగలేదు.

ఉద్యోగాల చరిత్రలోనూ ఇదే కథ. తొలి మహిళా ఐఎఫ్ఎస్ అధికారి సి.బి. ముత్తమ్మ కోర్టుకెక్కే నాటికి పెళ్లి చేసుకోవాలంటే మహిళా దౌత్యవేత్తలు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉండేది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ధోరణిని గట్టిగా తప్పుపట్టారు. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పెళ్లి చేసుకున్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్న ఒక అధికారిణికి 60 లక్షల రూపాయలు చెల్లించమని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పెళ్లయినందుకు తీసేయడం, పెళ్లికానందుకు కాదనడం ఒకే వేరు నుంచి పుట్టినవి. అందుకే సమాన హక్కుల కోసం మాట్లాడే ఒంటరివాళ్లు పెళ్లయినవాళ్లను ఎదుటి పక్షంగా చూడనక్కర్లేదు.

పిల్లలు

పెళ్లి లేకుండా బిడ్డను పెంచాలనుకునేవారికి దారి ఉంది, అందరికీ ఒకేలా లేదు. సుస్మితా సేన్ 2000లో, తన ఇరవైల్లోనే, ఒక పాపను దత్తత తీసుకున్నప్పుడు దేశమంతా వింతగా చూసింది. ఇప్పుడు కేంద్ర దత్తత సంస్థ కారా నిబంధనల ప్రకారం ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాణ్నైనా దత్తత చేసుకోవచ్చు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఒంటరి దరఖాస్తుదారు వయసు 40 దాటకూడదు. బిడ్డ వయసు పెరిగేకొద్దీ ఆ పరిమితి 45, 50, 55 దాకా పెరుగుతుంది. ఎదురుచూపు ఏళ్ల తరబడి ఉంటుంది కనుక ఆలోచన ఉన్నవారు ముందే నమోదు చేసుకోవాలి.

2021లో ఒకేసారి వచ్చిన రెండు చట్టాలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. ఐవీఎఫ్ లాంటి చికిత్సల చట్టం 21 ఏళ్లు దాటి 50 లోపున్న స్త్రీకి, పెళ్లితో పనిలేకుండా, అవకాశం ఇచ్చింది. సరొగసీ చట్టం 35 నుంచి 45 ఏళ్ల మధ్య ఉన్న వితంతువులకు, విడాకులు తీసుకున్నవారికి ఇచ్చి, పెళ్లే చేసుకోని స్త్రీకి తలుపు మూసింది. ఒకసారి పెళ్లి చేసుకుని విడిపోతే అర్హత, అసలు చేసుకోకపోతే అనర్హత అనడంలో ఏ న్యాయమూ కనిపించదు. దీన్ని మార్చాల్సింది పార్లమెంటు.

పెళ్లికాని తల్లులకు మాత్రం కాగితాల బాధ చాలావరకు తగ్గింది. తండ్రికి నోటీసు ఇవ్వకుండానే, అతని పేరు చెప్పకుండానే తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె అఫిడవిట్ ఇస్తే జనన ధ్రువపత్రం ఇవ్వాలనీ ఆదేశించింది. పాస్‌పోర్టుకు తల్లి, తండ్రిలో ఒకరి పేరు చాలన్న నిబంధన 2016 డిసెంబరులో వచ్చింది. పాన్ కార్డుకు ఒంటరి తల్లి పేరు సరిపోతుందన్నది 2018 డిసెంబరు 5 నుంచి అమల్లో ఉంది. స్కూల్ అడ్మిషన్ ఫారంలో తండ్రి పేరు లేకపోతే కుదరదనే గుమాస్తాకు ఈ మూడూ చూపించాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న పురుషులకు కూడా, అవివాహితులతో సహా, పిల్లల సంరక్షణ సెలవు 2018 నుంచి దొరుకుతోంది. ఈ సంగతి తెలియక చాలామంది తండ్రులు ఆ సెలవు అడగడమే లేదు.

ఆఫీసు, ప్రభుత్వం

పండగ డ్యూటీ ఎవరికి పడుతుందో ప్రతి ఆఫీసులో తెలుసు. ‘నీకేం, ఒక్కడివే కదా’ అనే ఒక్క మాటతో సంక్రాంతి షిఫ్టు, రాత్రి డ్యూటీ, మారుమూల బదిలీ పెళ్లికాని ఉద్యోగి మెడకు చుట్టుకుంటాయి. అతనికీ ఊళ్లో ఎదురుచూసే తల్లి ఉంటుంది. ఆమెకూ అనారోగ్యంతో ఉన్న తండ్రి ఉంటాడు. గొడవ పెట్టుకోకుండా ఏడాది మొదట్లోనే పండగ డ్యూటీల వంతులు అందరికీ రాతపూర్వకంగా వేయమని అడగడం పనిచేస్తుంది. రాతలోకి వచ్చాక పక్షపాతం దాచడం కష్టం. గ్రూపు ఆరోగ్య బీమాలో భార్యాపిల్లల బదులు తనపై ఆధారపడిన తోబుట్టువును చేర్చమని అడగాలి. ఒక్కరు అడిగితే హెచ్ఆర్ తోసేస్తుంది, పదిమంది అడిగితే రెన్యువల్ సమయంలో బీమా కంపెనీతో మాట్లాడుతుంది. ప్రభుత్వ ఉపాధ్యాయుల బదిలీల్లో స్పౌజ్ పాయింట్ల పక్కనే అవివాహిత మహిళా టీచర్లకు కూడా అదనపు పాయింట్లు ఇచ్చిన ఉదాహరణ తెలుగు రాష్ట్రాల్లోనే ఉంది. సంఘాలు పట్టుబడితే నిబంధన మారుతుంది.

పేద ఒంటరి మహిళలను ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించడంలో తెలంగాణ ముందడుగు వేసింది. 2017లో ఆసరా కింద నెలకు 1,000 రూపాయలతో మొదలైన ఒంటరి మహిళల పింఛను 2019లో 2,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి 4,000 ఇస్తున్నారు. హర్యానా 2023లో ఇంకో మెట్టు ఎక్కి, 45 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న పేద అవివాహితులకు, స్త్రీలతో పాటు పురుషులకు కూడా, నెలకు 2,750 రూపాయల పింఛను ప్రకటించింది. కూలికి పోయే ఒంటరి మగవాడు జబ్బుపడితే అన్నం పెట్టేవారు లేని సంగతి ఊళ్లన్నిటికీ తెలుసు. వృద్ధాప్య పింఛను వయసు వచ్చేదాకా అతన్ని పట్టించుకునే పథకం మన రెండు రాష్ట్రాల్లోనూ రావాలి.

బయటి దేశాల్లోనూ ఇది పూర్తిగా తేలిపోయిన వ్యవహారం కాదు. న్యూజిలాండ్ 1993 మానవ హక్కుల చట్టం వైవాహిక స్థితి ఆధారంగా వివక్షను నిషేధించింది, ఒంటరిగా ఉండటం కూడా అందులోకి వస్తుంది. అమెరికాలో 1974 చట్టం ప్రకారం అప్పు ఇచ్చేటప్పుడు పెళ్లి అయిందా లేదా అని చూసి కాదనకూడదు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం మాత్రం పెళ్లయిన వారిని, సివిల్ పార్ట్‌నర్లను కాపాడింది గానీ ఒంటరివారిని ఆ రక్షణలో చేర్చలేదు. మన దేశంలో 2022 ఆగస్టులో ఒక సర్వీసు కేసులో సుప్రీంకోర్టు కుటుంబం అనేక రూపాల్లో ఉండొచ్చని, ఆ రూపాలు కూడా చట్టం రక్షణకు అర్హమైనవేనని అంది. న్యాయస్థానం అన్నది చట్టసభ రాయాలి. ఇల్లు అద్దెకిచ్చే దగ్గర వైవాహిక స్థితి అడ్డు కాకూడదని మన అసెంబ్లీలు అద్దె చట్టంలో ఒక్క నిబంధన చేర్చితే, లక్షల మంది యువతకు ఈ నగరాల్లో తల దాచుకోవడం తేలికవుతుంది.

అంతవరకూ ఆగనక్కర్లేని పనులు ఉన్నాయి. వీలునామా, బ్యాంకు, బీమా, పీఎఫ్ నామినేషన్లు, వైద్య నిర్దేశం, అద్దె ఒప్పందం. ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో నమ్మకమైన ఒక మనిషికి చెప్పి ఉంచాలి. లాయరు ఫీజుకు భయపడి ఆగిపోయేవారికి ఒక మాట. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలందరికీ, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఆదాయ పరిమితికి లోబడి పురుషులకూ ఉంది. ప్రతి జిల్లాలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఫోన్ నంబరు 15100.